పాత కంప్యూటరునకు వేగము మేలా, నిలుకడ మేలా?



మన యిండ్లలోని వస్తువులలో కంప్యూటరంత త్వరగా పాతబడునది మఱియొకటి లేదు. రోలు, రోకలి మొదలగునవి తాతల కాలమునుండి మనుమల కాలమువఱకు పనిచేయును. కంప్యూటరు పది సంవత్సరములు గడచునప్పటికే అటుకమీదికి చేరును. అయినను ఈ మధ్య పలుదేశములలో కొందఱు అట్టి పెట్టెలను క్రిందికి దింపి, దుమ్ము దులిపి, 1980, 1990 ప్రాంతములలో పుట్టిన ఆటలను వానిమీదనే మరల ఆడుచున్నారు. ఆ యాటల రూపమును, ధ్వనియు, నడకయు ఆ కాలపు యంత్రముమీదనే యథార్థముగా తెలియునని వారి యభిప్రాయము. ఇది కేవలము వినోదము కాదు. పాత యంత్రమును బాగుచేయువాడు విద్యుచ్ఛాస్త్రమును, గణితమును, ఓర్పును ఒక్కసారిగా అభ్యసించుచున్నాడు.

మన దేశమున కంప్యూటరు చరిత్రయు ఇట్టి చిన్న వేగములతోనే ఆరంభమైనది. 1967లో హైదరాబాదున స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ టి.డి.సి. అను పేరుగల కంప్యూటరులను తయారుచేసెను. 1984లో ఆరంభమైన ‘క్లాస్’ అను పథకముద్వారా బి.బి.సి. మైక్రో అను యంత్రములు పాఠశాలలకు వచ్చెను. వాని ప్రాసెసరు వేగము 2 మెగాహెర్ట్జులు మాత్రమే. నేడు మీ తల్లిదండ్రుల చేతనున్న ఫోను దానికి ఎన్నోరెట్లు వేగము గలది.

పాత యంత్రమును చేపట్టిన బాలబాలికలకు మొట్టమొదట కలుగు కోరిక, దానిని నియమిత వేగముకంటె ఎక్కువగా పరుగెత్తించుట. దీనికి ఓవర్‌క్లాకింగ్ అని పేరు. దీనివలన లాభమెంత? నష్టమెంత? పాత యంత్రమునకు భాగముల నెట్లు ఎన్నుకొనవలెను? ఈ పాఠమున విచారింతము.

1. వేగమనగా నేమి?

మన యూళ్లలో మిరపకాయలు దంచుట మీరు చూచియుందురు. ఒక్క రోటిచుట్టు ఇద్దఱు నిలిచి, ఒకరి రోకలి లేచునప్పుడు మఱొకరి రోకలి దిగునట్లు పోటు వేయుదురు. లయ త్వరపడినకొలది కారము త్వరగా నలుగును. కాని దానికొక హద్దు కలదు. మొదటి రోకలి రోటినుండి పైకి తేలకమునుపే రెండవ పోటు పడినయెడల రోకళ్లు రెండును కొట్టుకొనును.

కంప్యూటరులో లయ కట్టునది క్వార్ట్జు స్ఫటికము. దాని స్పందనల ననుసరించి ప్రాసెసరు పనిచేయును. సెకనునకు పది లక్షల స్పందనలైనచో ఒక మెగాహెర్ట్జు అందుము. ప్రాసెసరులోని లక్షలకొలది ట్రాన్సిస్టరులు ఒక్కొక్క పోటులో తమ పనిని ముగించి, ఫలితమును తరువాతిదానికి అందింపవలెను. 300 మెగాహెర్ట్జుల ప్రాసెసరునందు పోటునకు పోటునకు నడుమ నుండు కాలము ఒక సెకనులో నూరు కోట్లవ భాగమునకు 3.33 రెట్లు. వేగమును 450కి పెంచినచో ఆ కాలము 2.22 రెట్లకు దిగును. అంతలో పని ముగిసెనా సరి. ముగియకున్న, తరువాతి భాగము పాత ఫలితమునే నిజమని గ్రహించును. రోకళ్లు కొట్టుకొన్నప్పుడు చప్పుడైన వినబడును. ఇక్కడ చప్పుడుండదు.

మఱి వేగమును పెంచుట కొంతవఱకైనను ఎట్లు సాధ్యమగుచున్నది? తయారుచేయువారు ప్రాసెసరులను పరీక్షించి, వేడి మిక్కుటముగా నున్నప్పుడును, విద్యుత్తు కొంచెము తగ్గినప్పుడును తప్పక పనిచేయు వేగమునే దానిపై ముద్రింతురు. అనగా కొంత మిగులు ఉంచుదురు. ఓవర్‌క్లాకింగ్ చేయువాడు ఆ మిగులునే ఖర్చుపెట్టుచున్నాడు. అది ఊరక పడియున్న ధనము కాదు. కఱవు కాలమునకై గాదెలో దాచిన గింజలు.

2. రెండు ప్రసిద్ధోదాహరణములు

1984లో ఐ.బి.ఎమ్. కంపెనీ ఏ.టి. అను కంప్యూటరును వెలువరించెను. దానియందు 12 మెగాహెర్ట్జుల స్ఫటిక ముండెను; ప్రాసెసరు అందు సగము, అనగా 6 మెగాహెర్ట్జుల వేగమున నడచెను. కొందఱు ఆ స్ఫటికమును తీసి 16 లేక 18 మెగాహెర్ట్జుల స్ఫటికమును పెట్టి, యంత్రమును 8, 9 మెగాహెర్ట్జులకు పరుగెత్తించిరి. తరువాత ఆ కంపెనీవారు యంత్రము ఆరంభమగునప్పుడే వేగమును పరీక్షించి, అది హద్దు మీరినచో నడవ నిరాకరించునట్లు ఏర్పాటుచేసిరి.

రెండవది 1998 ఆగస్టులో ఇంటెల్ కంపెనీ విడుదలచేసిన సెలెరాన్ 300ఏ. మదర్‌బోర్డుయొక్క వేగము 66 మెగాహెర్ట్జులు కాగా, ప్రాసెసరు దానిని నాలుగున్నర రెట్లు చేసికొని 300 వేగమున నడచును. మదర్‌బోర్డును 100కి మార్చినచో 4.5 × 100 = 450. ఈ విధముగా చవుక ప్రాసెసరు, ఆనాడు దానికి అనేకరెట్ల వెలగల పెంటియం 2 ప్రాసెసరుతో సమానముగా పరుగెత్తెను. అందువలన దానికి గొప్ప కీర్తి కలిగెను. కాని ప్రతి సెలెరానును 450ని అందుకొనలేదను సంగతి ఆ కీర్తి చాటున మఱుగుపడినది.

3. వేగమునకు వెల యెంత?

ప్రాసెసరునుండి వెలువడు వేడి రెండింటిపై నాధారపడును: వేగముతో సమానముగా హెచ్చును, వోల్టేజియొక్క వర్గముతో సమానముగా హెచ్చును. ఒక లెక్క చేయుదము. సెలెరాన్ 300ఏకు కావలసిన వోల్టేజి 2.0. అది 450 వేగమున నిలువనందున 2.2 వోల్టులు ఇచ్చితిమనుకొనుడు. వేగము 1.5 రెట్లు, వోల్టేజి 1.1 రెట్లు, దాని వర్గము 1.21. ఈ రెంటిని హెచ్చించగా 1.815. అనగా పని ఒకటిన్నర రెట్లు, వేడి దాదాపు 1.8 రెట్లు.

ఈ వేడి గదిలోని వేడిమీద చేరునని గ్రహింపుడు. ఉదాహరణమునకు, మొదట ప్రాసెసరు గదికంటె 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా నుండెననుకొందము. ఇప్పుడది దాదాపు 36 డిగ్రీలు ఎక్కువగా నుండును. జనవరి రాత్రి గదిలో 25 డిగ్రీలైనచో మొత్తము 61. మే నెల మధ్యాహ్నమున మన యద్దంకిలో గది 43 డిగ్రీలున్నచో మొత్తము 79. చలికాలమున చక్కగా నడచిన యంత్రము ఎండకాలమున ఏల నిలిచిపోవునో ఈ లెక్కయే చెప్పును. ఆ ప్రాసెసరులలోని ట్రాన్సిస్టరులు వేడెక్కినకొలది మందగించును. చల్లని దేశమువారు వ్రాసిన సలహాలను మన గుండ్లకమ్మ యొడ్డున అక్షరాల పాటింపరాదు.

వేగము పెంచునప్పుడు ప్రాసెసరుతోపాటు దానిని అంటియున్న భాగములును పరుగెత్తవలసి వచ్చును. సౌండుకార్డు, డిస్కు మొదలైనవాని దారి సాధారణముగా 33 మెగాహెర్ట్జులు. మదర్‌బోర్డు 66 వేగమున నున్నప్పుడు అందు సగమును, 100 వేగమున నున్నప్పుడు మూడవవంతును ఆ దారికి పోవును. రెండు విధములను 33 వచ్చును. కాని 83 వేగమును ఎన్నుకొన్నచో పెక్కు బోర్డులు సగమునే యిచ్చును. అప్పుడు 41.5 వచ్చును. ఆ వేగమునకు డిస్కు తట్టుకొనలేక వ్రాసిన ఫైళ్లు పాడగుట కలదు. చూడుడు, 100 కంటె 83 తక్కువయే. అయినను అపాయ మెక్కువ. కావున అంకెను చూచి ధైర్యము తెచ్చుకొనక, భాగహారము చేసి చూడవలెను.

4. ఆట వేగమును కోరుచున్నదా?

ఇది అందఱును అడుగ మఱచు ప్రశ్న. 1981 నాటి ఐ.బి.ఎమ్. పి.సి. వేగము 4.77 మెగాహెర్ట్జులు. ఆ కాలపు ఆటలలో కొన్నిటిని వ్రాసినవారు ప్రాసెసరు వేగమునే గడియారముగా వాడుకొనిరి. అట్టి యాటను వేగముగల యంత్రముమీద పెట్టినచో బొమ్మలు కంటి కానకుండ పరుగెత్తును. 1990లో వచ్చిన వింగ్ కమాండర్ అను ఆట పెంటియం యంత్రముపై ఆడ వీలుకానంత త్వరితముగా నడచును. అందుచేతనే ఆనాటి పెట్టెలపై ‘టర్బో’ అను మీట యుండెను. దాని నిజమైన ఉపయోగము వేగమును తగ్గించుట!

టర్బో పాస్కల్ భాషలో వ్రాసిన ప్రోగ్రాములు కొన్ని దాదాపు 200 మెగాహెర్ట్జులు దాటిన యంత్రములపై ‘రన్‌టైమ్ ఎఱ్ఱర్ 200’ అని చెప్పి ఆగిపోవును. కారణ మేమనగా, అవి ఆరంభమున 55 మిల్లీసెకనులలో యంత్రము ఎన్ని చుట్లు తిరిగినదో లెక్కించి, 55చే భాగించును. ఆ భాగఫలమునకు కేటాయించిన చోటు 65,535 వఱకే పట్టును. యంత్రము వేగమైనకొలది లెక్క ఆ చోటులో పట్టక పొరలిపోవును.

కావున మొదట ఆటను నిర్ణయించి, పిమ్మట యంత్రమును ఎన్నుకొనుడు. 1980 ప్రాంతపు ఆటలకు నెమ్మదియైన యంత్రము కావలెను. లేదా పెంటియం యంత్రముయొక్క క్యాష్ మెమరీని ఆపివేసినచో అది 386 వంటి వేగమునకు దిగివచ్చును. 1990లో డాస్‌పై వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా, డేంజరస్ డేవ్ వంటి యాటలకు వేగమును పెంచవలసిన యవసరమే లేదు. 1990 దశకము చివర వచ్చిన పెద్ద యాటలకు మాత్రమే వేగమువలన కొంత ప్రయోజనము కలదు.

5. మౌనముగా జరుగు తప్పు

వేగము మితిమీరినచో యంత్రము ఆగిపోవునని పలువురు తలంతురు. ఆగిపోవుట నిజముగా మేలు; మనకు తెలియును. ఆగకుండ తప్పు చేయుటయే కీడు. ఒక విద్యార్థికి 72 మార్కులు వచ్చెననుకొందము. కంప్యూటరు దీనిని 64, 8 అను రెండు బిట్లుగా దాచును. అందు 64ను సూచించు ఒక్క బిట్టు తప్పిపోయినచో 8 మిగులును. యంత్రము గంట కొట్టదు, దీపము ఆర్పదు. పట్టికలో 8 అని అచ్చువేయును. ఆటలో నిట్లయినచో ఒక బొమ్మ వంకరగును. కాని ఇంటి పాత కంప్యూటరునందు పెండ్లి ఫోటోలును, స్వర్గస్థులైన పెద్దల ఫోటోలును, లెక్కలును ఉండవచ్చును. ఆ డిస్కుపైనే ఓవర్‌క్లాకింగ్ పరీక్షలు చేయుట, పొరుగువాని పత్రములతో పొయ్యి ముట్టించుట వంటిది.

తల్లిదండ్రులారా! మీ పిల్లలు పాత కంప్యూటరును తెఱచెదమన్నప్పుడు వారిని వారింపకుడు. కాని మొదట ఆ డిస్కులోని వానిని వేఱొకచోటికి నకలు తీయించి, దానిని విప్పి బీరువాలో దాచుడు. పరీక్షలకు వేఱొక డిస్కును ఇండు.

1990 ప్రాంతమున కొందఱు మోసకాండ్రు తక్కువ వేగపు ప్రాసెసరులపై అంకెలను చెఱిపి, ఎక్కువ అంకెలను ముద్రించి అమ్మినారు. కొన్నవారు తమకు తెలియకయే ఓవర్‌క్లాకింగ్ చేసినవారైరి. కావున పాత ప్రాసెసరును కొన్నప్పుడు దానిపై వ్రాతనే నమ్మక, పరీక్షించి వాడవలెను.

6. నిలుకడగల భాగముల ఎన్నిక

పాత భాగములు ఒంగోలు, గుంటూరు పట్టణములలో రిపేరు చేయువారియొద్దను, పాతసామానుల వారియొద్దను, సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి కంప్యూటరు అంగళ్లలోను వెదకవలెను. వెదకునప్పుడు ఈ క్రింది విషయములను గమనింపుడు.

మొదటిది, కెపాసిటరులు. మదర్‌బోర్డుపై చిన్న డబ్బాలవలె నిలిచియుండునవి ఇవియే. వాని తల చదునుగా నుండవలెను. ఉబ్బినను, మొదట గోధుమరంగు మరక కారినను ఆ బోర్డును వదలుడు. 1999 మొదలు 2007 వఱకు తయారైన బోర్డులలో చెడ్డ కెపాసిటరులు విస్తారముగా వాడబడినవి. వేడి 10 డిగ్రీలు హెచ్చినకొలది వీని ఆయుస్సు సగమగునని సామాన్య నియమము. క్రొత్తవి వేయించునప్పుడు 85 డిగ్రీలవి కాక, 105 డిగ్రీలవి వేయింపుడు.

రెండవది, బ్యాటరీ. 286, 386, 486 కాలపు బోర్డులలో పీపా ఆకారముగల నికెల్-కాడ్మియం బ్యాటరీ యుండును. అది కారి, రాగిగీతలను తినివేయును. కొనినవెంటనే దానిని తీయింపవలెను. తరువాతి కాలపు నాణెమువంటి బ్యాటరీలు అంత హాని చేయవు.

మూడవది, పవర్ సప్లై. క్రొత్తది కొని పెట్టినచో చాలునని అనుకొనరాదు. నేటివి తమ శక్తిని ముఖ్యముగా 12 వోల్టులపై ఇచ్చును. పెంటియం 3, అథ్లాన్ కాలపు బోర్డులలో పెక్కు 5 వోల్టులపైనే ఎక్కువ లాగును. కావున ప్రక్కన అతికించిన చీటీలో 5 వోల్టులకు ఎన్ని ఆంపియరులో చదివి కొనుడు. ఇంకను పాతవైన ఏ.టి. బోర్డులకు రెండు తీగల కట్టలు వచ్చును. తగిలించునప్పుడు నల్లతీగలు నాలుగును నడుమ ప్రక్కప్రక్కన ఉండవలెను. తాఱుమాఱైనచో బోర్డు నశించును.

నాలుగవది, గాలియు ధూళియు. మన ప్రాంతమున ప్రత్తి తీయు దినములలో గాలిలో నూగు ఎగురును. మిరపకళ్లముల కాలమున కారపుధూళి తేలును. ఇవి ఫ్యానురెక్కల సందునను, వేడిని లాగు అల్యూమినియము పలకల నడుమను చేరి దుప్పటి కప్పినట్లు కప్పును. నెలకొకసారి మెత్తని కుంచెతో తుడువుడు. పాత ప్రాసెసరుపై నెండిపోయిన థర్మల్ పేస్టును తీసి, క్రొత్తది పలుచగా పూయుడు. వేగమును పెంచుటకంటె ఈ యొక్క పనివలన కలుగు మేలు ఎక్కువ.

అయిదవది, ఎర్తు. నల్లరేగడి నేల ఎండకాలమున నెఱ్ఱెలు విచ్చును. అప్పుడు ఎర్తుగుంత ఎండి, తీగ నేలను సరిగా అంటదు. గుంతలో నీరు పోయుట మఱవకుడు. విద్యుత్తు హెచ్చుతగ్గులున్న వీధులలో స్టెబిలైజరుగాని యు.పి.ఎస్. గాని లేక పాత యంత్రమును నడుపరాదు.

ఒక హెచ్చరిక: పవర్ సప్లై డబ్బాను, పాత గాజుతెర మానిటరును ఎన్నడును తెఱవకుడు. ప్లగ్గు తీసిన తరువాతను వానిలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును.

7. పరీక్షించు పద్ధతి

ఇంత తెలిసికొన్న పిదపను వేగమును పెంచి చూడవలెనను కోరిక యున్నచో, పద్ధతి ప్రకారము చేయుడు. మొదట నియమిత వేగముననే యంత్రమును పరీక్షింపుడు; అప్పుడే తడబడు యంత్రమును ముందుకు తోలుట వివేకము కాదు. మెమ్‌టెస్ట్86 అను ప్రోగ్రాము మెమరీలో అంకెలు వ్రాసి మరల చదివి సరిచూచును. దానిని రాత్రియంతయు నడుపుడు. ఒక్క తప్పు కనబడినను ఆ మెమరీ పనికిరాదు. ప్రైమ్95 అను ప్రోగ్రాము పెద్ద గుణకారములు చేయించి, జవాబును ముందే తెలిసిన జవాబుతో పోల్చును.

పిమ్మట ఒక్కసారికి ఒక్క మార్పే చేయుడు. వేగము, వోల్టేజి, మెమరీ మూడును ఒక్కసారి మార్చినచో తప్పు ఎక్కడనుండి వచ్చినదో ఎవ్వరును చెప్పలేరు. ప్రతి మార్పును తేదీతోను, గది వేడితోను నోటుపుస్తకమున వ్రాయుడు. కడపటి పరీక్షను ఎండకాలపు మధ్యాహ్నమున, పెట్టె మూతవేసి చేయుడు. అందు గెలిచిన వేగమునుండియు ఒక మెట్టు క్రిందికి దిగి, అక్కడ నిలుపుడు. ఇతరుల పనిని దాచు యంత్రముపై, ముఖ్యముగా బడి కంప్యూటరుపై, ఈ ప్రయోగము ఎన్నడును చేయరాదు.

నేడు క్రొత్త కంప్యూటరు చెడినచో అంగడిలో మఱొకటి దొఱకును. 1998 నాటి ప్రాసెసరు కాలిపోయినచో దానివంటిది మరల ఏ కర్మాగారమునను తయారుకాదు. ప్రపంచమునందు ఒకటి తగ్గినట్లే. పది నిమిషముల గొప్పకొఱకు దానిని ఖర్చుచేయుదుమా, మన తమ్ముళ్లు చెల్లెండ్రును చూచునట్లు నిలుపుదుమా అనునది ఆ పెట్టెను తెఱచిన ప్రతివాడును తేల్చుకొనవలసిన విషయము. పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలని మన పెద్దలు చెప్పిన సామెత ఈ పనికి సరిగా సరిపోవుచున్నది.

అభ్యాసము

1. 66 మెగాహెర్ట్జుల బోర్డుపై నాలుగున్నర రెట్లకు నడచు ప్రాసెసరును 75 మెగాహెర్ట్జుల బోర్డుపై నుంచినచో దాని వేగమెంత? ఆ బోర్డు సగమునే యిచ్చినచో డిస్కు దారి వేగమెంత?

2. వేగమును 1.2 రెట్లు, వోల్టేజిని 1.05 రెట్లు పెంచినచో వేడి ఎన్ని రెట్లగును?

3. 72 మార్కులలో 8ని సూచించు బిట్టు తప్పిపోయినచో పట్టికలో ఏ సంఖ్య వచ్చును? ఆ తప్పును ఎట్లు కనిపెట్టుదురు?

4. మీ యింటి కంప్యూటరు పెట్టెపై చేయిపెట్టి ఉదయమును, మధ్యాహ్నమును కలుగు వేడిభేదమును గమనించి, కారణము వ్రాయుడు.